లోచెవి చెప్పే అబద్ధం

చిన్న విమానాలు దారి తప్పడం వల్లే కూలుతాయని చాలాకాలం అనుకునేవాణ్ణి. పాత విచారణ నివేదికలు చదవడం మొదలుపెట్టాక, దారి తెలిసి కూడా ఏది పైనో ఏది కిందో తెలియక కూలినవి ఎన్నో కనిపించాయి.

ఒప్పులకుప్ప తిరిగి ఆగిన పిల్లకు లోకమింకా తిరుగుతూనే ఉంటుంది గదా! లోచెవి గొట్టాల్లోని ద్రవం చేసే మాయ అది. మబ్బులోనో చీకట్లోనో విమానం మెల్లగా ఒరిగి తిరుగుతుంటే, కాసేపటికి ఆ ద్రవమూ దాని వేగానికి సర్దుకుంటుంది; తిన్నగానే పోతున్నట్టు తోస్తుంది. సరిచేస్తే రెండోవైపుకు ఒరిగినట్టనిపిస్తుంది, పైలట్ మళ్ళీ మొదటి ఒరుగుకే పోతాడు. ఎత్తు తగ్గుతోందని ముక్కు పైకి లాగితే సుడి మరింత బిగుస్తుంది.

విరుగుడు ఎప్పుడో దొరికింది. 1929 సెప్టెంబరు 24న న్యూయార్కు దగ్గరి మిచెల్ ఫీల్డులో జిమ్మీ డూలిటిల్ తన కాక్‌పిట్‌ను కప్పివేయించుకుని, కేవలం పరికరాలు చూస్తూ ఎగిరి, తిరిగి దిగాడు. (ముందు సీట్లో బెన్ కెల్సీ కాపలా ఉన్నాడు లెండి.) స్పెరీ కృత్రిమ క్షితిజం, కోల్స్‌మన్ ఆల్టిమీటరు, రేడియో సంకేతాలు, ఇవే ఆనాటి కళ్ళు.

కానీ పరికరం ఉండటం వేరు, చెవిని కాదని దాన్ని నమ్మడం వేరు. 1954లో ఇలినాయ్ విశ్వవిద్యాలయం వారు పరికరాల శిక్షణ లేని 20 మందిని, బయట ఏమీ కనపడని స్థితి కల్పించి పరీక్షించారు. అందరూ అదుపు తప్పారు. సగటున 178 సెకన్లలో.

1959 ఫిబ్రవరి 3 అర్ధరాత్రి దాటాక అయోవాలోని మేసన్ సిటీలో బయలుదేరిన బొనాంజా విమానం కొద్ది మైళ్ళలోనే కూలింది. గాయకుడు బడ్డీ హోలీతో సహా నలుగురూ పోయారు. పైలట్ వయసు 21. పరికరాలతో నడిపే అర్హత లేదు. పైగా అందులోని స్పెరీ ఎఫ్3 గైరోలో, ముక్కు ఎత్తుదలను చూపే తీరు మామూలు కృత్రిమ క్షితిజానికి సరిగ్గా తలకిందులు. అదే అతణ్ణి తికమకపెట్టి ఉండవచ్చని విచారణలో భావించారు. ఆ నివేదికలో నన్ను ఎక్కువగా బాధించింది ఈ ముక్కే: చూసినా ప్రాణం మీదికి తెచ్చే పరికరం!

నలభై ఏళ్ళకు, 1999 జులై 16 రాత్రి, జాన్ కెనెడీ జూనియర్ నడిపిన పైపర్ సారటోగా మార్తాస్ వినియార్డ్ దగ్గర సముద్రంలో పడింది. ముగ్గురు చనిపోయారు. పొగమంచు లాంటి మసక, నీటిపై దట్టమైన చీకటి. అందులో జీపీఎస్ ఉంది, ఆటోపైలట్ కూడా ఉంది. దిశాభ్రాంతి వల్ల అదుపు తప్పిందని తేల్చిన విచారణలో, పరికరాల్లో ముందునుంచీ ఉన్న లోపమేదీ బయటపడలేదు.