పాతిక లక్షల మందిని సాగనంపిన రేవు

ఐర్లండ్ దక్షిణ తీరాన, కార్క్ నగరం నుంచి రైలెక్కితే అరగంటలోపే వచ్చే చిన్న ఊరు కోవ్. నడిసంద్రంలోకి మళ్లే ముందు టైటానిక్ చివరిసారిగా ఆగింది ఇక్కడే, 1912 ఏప్రిల్ 11న. అప్పట్లో ఊరి పేరు క్వీన్స్‌టౌన్. 1849లో విక్టోరియా రాణి వచ్చి వెళ్లిన గుర్తుగా పెట్టిన ఆ పేరును స్వాతంత్ర్య పోరాట కాలంలో, 1920లో తీసేశారు. అంత పెద్ద ఓడ కావడంతో టైటానిక్ రేవు మొగదాల్లోనే లంగరు వేస్తే, రెండు చిన్న స్టీమర్లు 123 మందిని తీసుకెళ్లి ఎక్కించాయి. వారిలో 113 మంది మూడో తరగతి ప్రయాణికులే. ఇదంతా రెండు గంటల్లో ముగిసిపోయింది.

ఇవాళ పర్యాటకుల్లో చాలామంది వచ్చేది ఆ రెండు గంటల కోసమే. అందుకు తప్పు పట్టలేం గానీ, ఈ రేవు కథ టైటానిక్ కంటే చాలా పాతది, చాలా పెద్దది.

1845లో ఐర్లండ్ బంగాళదుంప పైరుకు తెగులు సోకింది. పేదల కంచంలో దుంప తప్ప వేరే తిండి లేని రోజులవి. ఏడేళ్లు సాగిన ఆ కరువులో ఆకలికి, జ్వరాలకు సుమారు పది లక్షల మంది పోయారు. అంతకంటే ఎక్కువమందే దేశం వదిలారు. బ్రిటిష్ పాలనలో ఉన్న ఆ దేశపు ధాన్యం, పశువులు మాత్రం ఓడలెక్కి ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి. ఆ కరువు తెరిచిన వలస దారి నూరేళ్లయినా మూసుకోలేదు. 1848 నుంచి 1950 దాకా ఐర్లండ్ విడిచిన సుమారు 60 లక్షల మందిలో పాతిక లక్షల మంది కోవ్ నుంచే వెళ్లారని లెక్క. బిడ్డ బయల్దేరే ముందు రాత్రి పల్లెల్లో ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ కలిసి తెల్లవార్లూ జాగారం చేసేవారు. అక్కడ అలాంటి జాగారం శవం దగ్గర చేస్తారు. వెళ్లిన మనిషిని మళ్లీ చూస్తామన్న నమ్మకం ఎవరికీ ఉండేది కాదు మరి.

రేవుకు చేరాక కష్టాలు వేరు. ఓడ కోసం రోజుల తరబడి పడిగాపులు. ఇరుకు గదులకు ఎడాపెడా అద్దెలు. ఓడలో అడుగు అంతస్తు ప్రయాణమైతే మరీ ఘోరం. దీన్ని బయటపెట్టిన మనిషి షార్లెట్ గ్రేస్ ఒబ్రయన్. తిరుగుబాటు చేసి ద్వీపాంతర శిక్ష పడిన నాయకుడు విలియం స్మిత్ ఒబ్రయన్ కూతురు ఆమె. చెవులు వినపడవు. 1881లో క్వీన్స్‌టౌన్‌లో ఆగిన ఒక ఓడలోకి స్వయంగా వెళ్లి, ఆడామగా తేడా లేకుండా జనాన్ని కుక్కిన తీరు చూసి లండన్ పత్రికకు రాసింది. దుమారం రేగింది. అంతటితో ఊరుకోకుండా మరుసటి ఏడాది ఈ ఊళ్లోనే వలసవెళ్లే ఆడపిల్లల కోసం నూరు పడకలకు పైగా ఉన్న వసతి గృహం తెరిచింది. తర్వాత తానే న్యూయార్క్ వెళ్లి, దిగిన పిల్లలకు అక్కడ అండ కోసం చర్చి పెద్దల చుట్టూ తిరిగింది. ఈ ఊరి చరిత్రలో మొదట చెప్పుకోవాల్సిన పేరు ఆమెదే.

రేవు ఒడ్డున ఒక విగ్రహం ఉంది. పదిహేడేళ్ల పిల్ల, పక్కన ఇద్దరు తమ్ముళ్లు. ఆమె ఆనీ మూర్. 1891 డిసెంబరు 20న తమ్ముళ్లను వెంటబెట్టుకుని, న్యూయార్క్‌లో ఉన్న అమ్మానాన్నల దగ్గరికి ఇక్కడి నుంచి బయల్దేరింది. 1892 జనవరి 1న ఎల్లిస్ ఐలండ్ వలస కేంద్రం తలుపులు తెరిస్తే, లోపల అడుగుపెట్టిన మొదటి మనిషి ఆమే. అధికారులు చేతిలో పది డాలర్ల బంగారు నాణెం పెట్టారు. ఆ తర్వాత ఆమె ఏమైందో లోకానికి పట్టలేదు. టెక్సస్‌లో చనిపోయిన అదే పేరున్న మరో స్త్రీని ఆమెగా దశాబ్దాల పాటు చెప్పుకున్నారు. 2006లో వంశ పరిశోధకులు అసలు ఆనీని పట్టుకున్నారు. ఆమె న్యూయార్క్ దాటి వెళ్లనేలేదు. అక్కడి పేదల పేటలోనే కాపురం చేసి, కన్న పిల్లల్లో సగం మందిని చిన్నతనంలోనే పోగొట్టుకుని, 1924లో కన్నుమూసింది. సమాధి మీద రాయి కూడా లేదు. 2008లో గానీ పెట్టలేదు. చరిత్రకెక్కిన పిల్ల గతే ఇదైతే మిగతా పాతిక లక్షల మంది మాటేమిటి?

1915 మే 7న సముద్రం ఈ ఊరిని మరోలా పరీక్షించింది. కిన్‌సేల్ అగ్రం దగ్గర జర్మన్ జలాంతర్గామి టార్పెడో తగిలి లూసిటేనియా ఓడ 18 నిమిషాల్లో మునిగింది. సుమారు 1,200 మంది చనిపోయారు. కోవ్ నుంచి పడవలు, టగ్గులు, చేపల ట్రాలర్లు పరుగెత్తాయి. ఆ రాత్రంతా బతికినవారిని, శవాలను ఒడ్డుకు చేరవేస్తూనే ఉన్నాయి. హోటళ్లూ ఇళ్లూ ఆసుపత్రులూ తలుపులు తీశాయి. టౌన్ హాలు, ఓడ కంపెనీ షెడ్డు శవాగారాలయ్యాయి. ఎవరో తెలియని ప్రతి శవానికీ ఒక నంబరు ఇచ్చి, ఫొటో తీశారు, తర్వాత ఎప్పుడైనా బంధువులు వస్తే గుర్తుపట్టేందుకు. మే 10న అంగళ్లన్నీ మూసి ఊరు ఊరంతా శవయాత్రలో నడిచింది. పాత చర్చి శ్మశానంలో మూడు పెద్ద గోతుల్లో వారిని పూడ్చారు. తమకు ఏమీ కాని మనుషులకు ఆ ఊరు చేసిన ఆ సేవ టైటానిక్ కథకు ఏమాత్రం తీసిపోదు.

కొండ మీది సెయింట్ కోల్మన్ కేథడ్రల్ 1868లో మొదలై 1919లో పూర్తయింది. విరాళాల్లో విదేశాలకు వెళ్లినవాళ్ల డబ్బూ ఉంది.

రేవుకు ఎదురుగా ఉన్న స్పైక్ దీవి కోట, 1847 నుంచి 1883 దాకా జైలు. ఐర్లండ్ స్వతంత్రమయ్యాక కూడా ఆ కోట బ్రిటిష్ చేతిలోనే ఉండి, 1938 జులై 11న గానీ చేతికి రాలేదు. పక్కనున్న హాల్‌బోలిన్ దీవి ఇవాళ ఐరిష్ నౌకాదళ స్థావరం. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం నైరుతి ఐర్లండ్ తీరానికి ఆవల పేలిపోయి 329 మంది మరణించినప్పుడు, శవాల కోసం సముద్రం గాలించిన ఓడల్లో ఈ నౌకాదళానికి చెందిన ఎల్.ఈ. ఐష్లింగ్ ఒకటి. దొరికిన 131 మృతదేహాలను కార్క్ ఆసుపత్రికి చేర్చారు. మృతుల్లో ఎక్కువమంది భారత సంతతి కెనడియన్లు. పడమటి కార్క్‌లోని అహకిస్టాలో వారి స్మారకం దగ్గర ఏటా జూన్ 23న కుటుంబాలు, స్థానికులు కలిసి నివాళి అర్పిస్తున్నారు.