పెరటి తోటకు ఆరు నెలల వీసా

మన తెలుగువాళ్ళు అమెరికాకు ఎప్పుడు వచ్చారు, ఎలా వచ్చారు అన్న చరిత్ర ఇలాంటి సంచికల్లో చాలాసార్లు చదివాం. 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం, దాని వెనకాలే వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లు, 1990 చట్టంతో పుట్టిన హెచ్-1బి, ఆపైన కంప్యూటర్ల వాళ్ళు. మనతోపాటు వచ్చిన మొక్కల సంగతి మాత్రం అంతగా ఎవరూ పట్టించుకోలేదు. ఆగస్టులో ప్లెయిన్స్‌బరో ఇళ్ళ వెనక్కి ఒకసారి తొంగిచూడండి. డెక్కు కమ్మీల మీదికి పాకిన బీరపాదు, జింకల భయానికి వల కట్టుకున్న వంగమొక్కలు, మనిషెత్తు పెరిగిన గోంగూర. ఇవి ఇక్కడికెలా వచ్చాయి? ఏవి ఇక్కడ స్థిరపడ్డాయి, ఏవి ఇంకా చుట్టపుచూపుగానే వున్నాయి? ఆలోచిస్తే ఇదీ మన వలస చరిత్రలో ఒక అధ్యాయమే.

ముందు నేల గురించి రెండు మాటలు. ప్లెయిన్స్‌బరో అంటే మనకు అపార్టుమెంట్లు, రూట్ 1 ట్రాఫిక్కు, ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో రైలు. కానీ 1919లో ఈ టౌన్‌షిప్ ఏర్పడిన నాటికి ఇది వ్యవసాయం, పాడి మీద బతికే ఊరు. ఇక్కడి వాకర్-గోర్డన్ డెయిరీ ఆ రోజుల్లో దేశమంతా పేరున్నది. 1930లో వాళ్ళు రోటోలాక్టర్ అనే యంత్రం పెట్టారు. అది గుండ్రంగా తిరిగే అరుగులాంటిది. ఒకేసారి 50 ఆవులు దానిమీద నిలబడితే, ఒక చుట్టు తిరిగేలోపల పాలు పితకడం అయిపోయేది. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనకు ఆ యంత్రం వెళ్ళింది, దానితోపాటు ఆవులూ వెళ్ళాయి. బోర్డెన్ పాలడబ్బాల మీది ఎల్సీ ఆవు అలా లోకప్రసిద్ధమైంది. మన పెరటికి సంబంధించిన విషయం ఇంకొకటుంది. ఈ డెయిరీవారు పేడను ఎండబెట్టి, పొడిచేసి, 'బోవంగ్' అన్న పేరుతో సంచుల్లో అమ్మేవారు. పెంట ఎరువును బ్రాండు పేరుతో అమ్మిన ఊరన్నమాట మనది! 1971లో ఆ డెయిరీ మూతపడింది. అంతకు ముందటి ఏడాది జనాభా లెక్కల్లో ఊరి జనం 1,648 మంది. 1990 నాటికి 14,213. పొలాలు పోయి ఇళ్ళొచ్చాయి, ఆ ఇళ్ళలోకి మనం వచ్చాం.

ఇక వాతావరణం. అక్కడ మన పెరటికి క్యాలెండరు కార్తెలది. రోహిణిలో రోళ్ళు పగులుతాయి, మృగశిరలో చినుకు పడగానే బీర, సొర, పొట్ల గింజలు పాదుల్లో పెడతారు. చిక్కుడు పందిరి ఎక్కి, సంక్రాంతికి కాపు మీద వుంటుంది. అక్కడ మొక్క ఎండకు భయపడాలి గాని చలికి కాదు. మధ్య న్యూజెర్సీలో లెక్క వేరు. ఏప్రిల్ చివరి దాకా, ఒక్కోసారి మే మొదటి వారాల దాకా మంచు దెబ్బ వుంటుంది. మళ్ళీ అక్టోబరు సగం దాటాక ఏ రాత్రైనా రావచ్చు. మధ్యలో మిగిలేది ఐదున్నర నెలలు, ఉదారంగా చూస్తే ఆరు. ఆ ఆరు నెలల్లో ఉష్ణదేశపు తోట అంతా జరిగిపోవాలి. అందుకే మార్చిలోనే కిటికీల దగ్గర పెరుగు డబ్బాల్లో వంగ, మిరప నారు పోయడం మొదలవుతుంది.

విచిత్రమేమిటంటే, విజిటర్ వీసా మీద వచ్చిన మన అమ్మానాన్నలకు సాధారణంగా దొరికే గడువు కూడా ఆరు నెలలే. చలి పోయాక వచ్చి, చలి రాకముందు వెళ్ళిపోతారు. తోట కాలమూ, పెద్దవాళ్ళ కాలమూ సరిగ్గా ఒకటైపోయాయి. పగలల్లా ఇంట్లో ఒక్కరే, కారు నడపలేరు, టీవీలో భాష పట్టుబడదు. నలభై ఏళ్ళు సేద్యం చేసిన మనిషి ఏం చేస్తాడు? గడ్డపార అడుగుతాడు! లాను గడ్డి పెళ్ళగించి నాలుగు మళ్ళు కట్టింది చాలా ఇళ్ళల్లో ఆయనే. మనం ఆఫీసు నుంచి వచ్చి కోసుకుని తిన్నాం. ఈ ఊరి తెలుగు పెరళ్ళ చరిత్ర రాయాలంటే హీరోలు డాక్టర్లూ ఇంజనీర్లూ కాదు, ఐ-94 కాగితం మీద తిరుగు ప్రయాణం తేదీ వున్న ఈ పెద్దవాళ్ళు.

ఆ తోటలో వాళ్ళకు అంతుబట్టనిది ఒకటుండేది. గోంగూర ఏపుగా పెరుగుతుంది, జులైలో కోసినకొద్దీ వస్తుంది, కానీ పూత మాత్రం రాదు. ఎండ బాగానే వుంది, నీళ్ళున్నాయి, ఎరువుంది. సెప్టెంబరు గడిచి మొగ్గ కనబడేసరికి అక్టోబరు మంచు కొట్టి మొక్క నల్లబడిపోతుంది. విత్తనం చేతికి రాదు. 'ఈ దేశపు నేలలో సారం లేదు' అని కొందరు తీర్మానించారు. కానీ తప్పు నేలది కాదు, వేడిది కూడా కాదు. తప్పు వెలుతురుది.

దీని రహస్యం కనిపెట్టింది అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు. వాషింగ్టన్ పక్కన ఆర్లింగ్టన్‌లో ఆ శాఖ పొలం వుండేది. అందులో కొంత నేల మీదే తర్వాత పెంటగాన్ కట్టారు. అక్కడ 'మేరీలాండ్ మామత్' అనే పొగాకు రకం అచ్చం మన గోంగూర లాగే ప్రవర్తించింది. వేసవంతా ఆకు మీద ఆకు వేసి ఆకాశానికి పెరగడమే, పూత లేదు. చలికాలం గాజింట్లోకి మారిస్తే మాత్రం పూసింది. వేడి, తేమ, ఎరువు అన్నీ మార్చి చూశారు, లాభం లేకపోయింది. చివరికి 1918 జులైలో మొక్కలను సాయంత్రం నాలుగింటికి చీకటి పెట్టెలో పెట్టి, మర్నాడు పొద్దున తొమ్మిదింటికి తీయడం మొదలుపెట్టారు. నడివేసవిలోనే పూత వచ్చింది! పగటి పొడవు తగ్గితేనే పూసే మొక్కలు కొన్ని వున్నాయని 1920లో వాళ్ళు ప్రకటించారు. గోంగూర ఆ జాతిదే. దానికి పగలు సుమారు పన్నెండున్నర గంటలకు తగ్గాలి. గుంటూరు భూమధ్యరేఖకు పదహారు డిగ్రీల పైన వుంది. అక్కడ ఏడాదిలో అతి పొడవైన పగలు పదమూడు గంటలకు కాస్త ఎక్కువ, అంతే. ప్లెయిన్స్‌బరో నలభై డిగ్రీల పైన. జూన్‌లో ఇక్కడ పగలు పదిహేను గంటలు. పాపం గోంగూర, ఇంకా పూతకాలం రాలేదనుకుని ఎదురుచూస్తుంది. అది తేరుకునేసరికి మంచు వస్తుంది.

ఈ కొలబద్ద పట్టుకుని చూస్తే మన కూరగాయలు రెండు వర్గాలుగా విడిపోతాయి. పగటి పొడవును పెద్దగా లెక్కచేయనివి ఇక్కడ స్థిరపడ్డాయి. మిరప, టమాటాలైతే అసలు ఈ ఖండాలవే. పోర్చుగీసువారి ఓడల్లో మిరపకాయ మన తీరానికి వచ్చేదాకా మన కారం మిరియాలదే, ఆ పేరే మిరపకూ దక్కింది. టమాటాను రామములగ అని పిలిచిన వాళ్ళు మన పెద్దల్లో చాలామందే. అది మన పప్పులోకి చేరింది ఎంతో కాలం కింద కాదు. అటువంటి టమాటా మన పక్కనే రట్జర్స్‌లో 1934లో కొత్త రకంగా పుట్టి, ఆ విశ్వవిద్యాలయం పేరే పెట్టుకుంది. అంటే మిరప, టమాటా విత్తులు నాటే తెలుగువాడు వాటిని పుట్టింటికి తీసుకొచ్చినట్టే. వంకాయ మాత్రం మన ఉపఖండపు సొత్తు. అదీ ఇక్కడ మొండిగా కాస్తుంది, గింజా ఇస్తుంది.

రెండో వర్గంలో గోంగూర పక్కనే నిలబడేది చిక్కుడు. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టే ఆచారం వూరికే రాలేదు. పగలు కురచబడ్డాక పూసి, పుష్యమాఘాల్లో కాసే తీగ అది. ప్లెయిన్స్‌బరోలో రథసప్తమికి మోకాలి లోతు మంచు! పూర్వపు పందిరి చిక్కుడు నాటినవాళ్ళకు ఇక్కడ దక్కేది తీగ, ఆకు, చివర్లో కాస్త పూత. దీనికి బెంగుళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థవారు ఉపాయం చేశారు. పగటి పొడవుతో పనిలేకుండా కాసే పొట్టి రకాలు, అర్కా జయ్, అర్కా విజయ్, తీశారు. ఇక ఊదా చిక్కుడైతే వర్జీనియాలో థామస్ జెఫర్సన్ తోట మాంటిచెల్లోలో నేటికీ పందిరెక్కి పూస్తుంది. దాన్ని ఇక్కడివారు కంటికి ఇంపుగా పెంచుతారు, కూర వండరు. చిక్కుడు పందిరి కింద నిలబడి ఫోటో దిగి వెళ్ళిపోయేవాళ్ళను చూస్తే మన ఆడవాళ్ళ ప్రాణం ఉసూరుమంటుంది.

గోంగూర కూడా అమెరికాకు మనకంటే ముందే వచ్చింది. ఆఫ్రికాలో పుట్టి అటు మన వైపు, ఇటు కరీబియన్ దీవులకు చేరింది. ఫ్లోరిడాలో పంతొమ్మిదో శతాబ్దం చివరికే పెంచారు. 1907లో అమెరికా వ్యవసాయ శాఖ రైతుల కోసం దీనిమీద ప్రత్యేకంగా ఒక బులెటినే అచ్చువేసింది. అయితే వాళ్ళు వాడుకున్నది పూవు కింది ఎర్రటి రక్షకపత్రాలను, జెల్లీకి, పానీయానికి. అక్కడ మంచు ఆలస్యం కాబట్టి పూత చేతికొచ్చేది. వాళ్ళకు పూవు, మనకు ఆకు. ఒకే మొక్కను రెండు వైపులనుంచి తిన్నామన్నమాట.

ఇక్కడ గింజ కట్టని మొక్కకు ఏటా గింజ బయటి నుంచి రావాలి. చాలాకాలం ఆ గింజ పెద్దవాళ్ళతోపాటే వచ్చింది. ఇప్పుడు ఆ దారి ఇరుకైంది. నాటే విత్తనం ఏదైనా కస్టమ్స్‌లో చెప్పి చూపించాలి. దానికి ఫైటోశానిటరీ సర్టిఫికెట్టో, చిన్న మొత్తాలకైతే వ్యవసాయ శాఖ పర్మిట్టో వుండాలి. ఈ నిబంధనను సణుగుడుతో కాక సమ్మతితోనే పాటించాలని నా అభిప్రాయం. ఫ్లోరిడాలో 1998లో కనిపించిన ఒక చిన్న పురుగు, 2005లో బయటపడ్డ నిమ్మజాతి తెగులు కలిసి అక్కడి నారింజ తోటల్ని ఏం చేశాయో అందరికీ తెలుసు. ఆ పురుగుకు మన కరివేపాకు మహా ఇష్టం. అందుకే నిమ్మ, నారింజ పండే రాష్ట్రాలకు కరివేప మొక్కను మనిష్టం వచ్చినట్టు పంపడానికి వీల్లేదు.

2020లో విమానాలు ఆగినప్పుడు పెద్దవాళ్ళూ రాలేదు, గింజలూ రాలేదు. అమెరికా అంతా ఒక్కసారిగా తోటలు మొదలుపెట్టి విత్తన కంపెనీలను ఖాళీ చేసింది. చాలా ఇళ్ళలో గోంగూర మడి ఆ ఏడు బీడుపడింది. ఆ తర్వాత విమానాలు తిరిగి మొదలైనా, మోకాళ్ళు నొప్పులై, ఇరవై గంటల ప్రయాణం చేయలేక, మళ్ళీ రాని పెద్దవాళ్ళు ఎందరో. మరి కొందరు ఇక ఎప్పటికీ రారు. గింజలు ఇప్పుడు ఇక్కడి కంపెనీలు కూడా అమ్ముతున్నాయి, నిజమే. కానీ మీ అమ్మగారు తెచ్చిన ఆ ఎర్ర గోంగూర రకం పొట్లం అడుగున పది గింజలు మిగిలి వుంటే, అది ఏ కేటలాగులోనూ దొరకదు. గింజకూ ఆయుష్షుంటుంది, ఏళ్ళ తరబడి డ్రాయర్లో పడివుంటే మొలవదు.

అలాంటివారికి 1918 నాటి చీకటి పెట్టె పనికొస్తుంది. మడిలో వేసినవి ఆకుకు వదిలేసి, ఒకటి రెండు మొక్కలు కుండీలో పెంచండి. జులై మొదటి వారం నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి కుండీని వెలుతురు చొరని గరాజు మూలకో, పెద్ద నల్ల డబ్బా కిందకో చేర్చి, పొద్దున ఏడింటికి బయట పెట్టండి. మధ్యలో గరాజు దీపం వేయకూడదు, రాత్రి కాసేపు వెలుతురు తగిలినా లెక్క తప్పుతుంది. మొగ్గ వచ్చేదాకా ఒక్కరోజూ మానకూడదు, వచ్చాక కూడా కొన్నాళ్ళు సాగించడం మంచిది. పూత రాలాక కాయ ముదరడానికి నెల పైనే పడుతుంది, కాబట్టి ఆగస్టులో పూస్తేనే అక్టోబరు మంచుకు ముందు కాయలు గోధుమరంగుకు తిరిగి ఎండుతాయి. అవి పగలకముందే కోసి, కాగితం సంచిలో ఆరబెట్టి, పొడి సీసాలో మూతపెట్టి, పేరు, సంవత్సరం రాసి చల్లటి చోట దాచండి. వేసవి సెలవుల్లో పిల్లలకు ఈ కుండీ మోసే ఉద్యోగం ఇవ్వవచ్చు.