డ్రెయిన్ బోల్టు దగ్గర ఆయిల్ కారడం

ఇంజన్ అడుగున ఆయిల్ నిలవ ఉండే తొట్టిని ఆయిల్ చాంబరు అంటారు. పాత ఆయిల్ దింపడానికి దాని కింది భాగంలో ఒక రంధ్రం ఉంటుంది. దాన్ని మూసేదే డ్రెయిన్ బోల్టు. ఆ బోల్టు తల చుట్టూ ఆయిల్ చెమ్మగా ఊరడం, తర్వాత చుక్కలుగా రాలడం మోటారు సైకిలు మొదలు ట్రాక్టరు దాకా ఏ బండికైనా వచ్చే లోపం. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో బురద మళ్లు, నల్లమల రాళ్ల దారులు, బేతంచెర్ల నాపరాళ్లు మోసే లారీల తాకిడి ఉండటంతో చాంబరుకు దెబ్బలు తగలడం మామూలే. అయినా ఈ లోపం ఎక్కువగా పుట్టేది రోడ్డు మీద కాదు, ఆయిల్ మార్చేచోట. బోల్టును అవసరానికి మించి బిగించిన చెయ్యే చాలాసార్లు దీనికి మూలం.

ఎందుకు కారుతుంది

పంపు ఒత్తిడితో ఆయిల్ పరుగెత్తేది ఇంజన్ లోపలి దారుల్లో. చాంబరు అడుగున ఆయిల్ తన బరువుతో నిలిచి ఉంటుంది, అంతే. అందువల్ల దాన్ని ఆపడానికి పెద్ద బలం అక్కర్లేదు. బోల్టు మరలు బోల్టును పట్టి ఉంచుతాయి. ఆయిల్‌ను ఆపేది మాత్రం బోల్టు తలకూ చాంబరు ముఖానికీ మధ్య ఉండే పల్చటి వాషరు. అది రాగిది కావచ్చు, అల్యూమినియంది కావచ్చు. బిగించినప్పుడు ఆ మెత్తని లోహం నలిగి, రెండు ముఖాల మీదున్న సన్నని గీతల్లోకి దిగి దారి మూసేస్తుంది. ఒకసారి నలిగిన రాగి గట్టిపడుతుంది. దాన్నే మళ్లీ వేస్తే కొత్త గీతల్లోకి సరిగా దిగదు, బోల్టు కింద తడి మొదలవుతుంది. తడి చూసి ఇంకో అరచుట్టు తిప్పుతారు. మరుసటి సర్వీసుకు మరో పావుచుట్టు. అలా కొన్నాళ్లకు మర తెగుతుంది.

ఎంత బిగించాలో ప్రతి బండి పుస్తకంలో రాసి ఉంటుంది. చిన్న కార్లలో అది సాధారణంగా 30–40 న్యూటన్ మీటర్లు, మోటారు సైకిళ్లలో ఇంకా తక్కువ. 20 సెంటీమీటర్ల పానాతో 35 న్యూటన్ మీటర్లు రావాలంటే పానా చివర దాదాపు 18 కిలోల లాగుడు చాలు, అంటే ఒంటిచేతి పని. పానాకు పైపు తొడిగి మీటరు పొడవు చేస్తే అదే లాగుడుకు బిగింపు ఐదింతలవుతుంది. ఉక్కు బోల్టు ఆ దెబ్బకు ఓర్చుకుంటుంది గానీ అల్యూమినియం చాంబరులోని మర ఓర్చుకోదు. చాలా మోటారు సైకిళ్లలో విడి చాంబరు లేక డ్రెయిన్ రంధ్రం నేరుగా అల్యూమినియం ఇంజన్ కేసులోనే ఉంటుంది కాబట్టి అక్కడ నష్టం ఇంకా పెద్దది.

ఇంజన్‌కు గాలి వదిలే బ్రీదర్ గొట్టం మూసుకుపోతే పిస్టన్ రింగుల పక్కగా దిగిన వాయువులు లోపల ఒత్తిడి పెంచుతాయి. అప్పుడు బలహీనంగా ఉన్న ప్రతి అతుకు దగ్గరా ఆయిల్ బయటికి వస్తుంది. వాషరు మార్చినా కారుతుంటే ఈ గొట్టాన్ని చూడాలి.

ఎండకు ఆయిల్ పల్చబడి కారుతోందన్న మాట ఈ ప్రాంతంలో తరచూ వినిపిస్తుంది. నంద్యాల వేసవి 40 డిగ్రీలు సులువుగా దాటుతుంది, నిజమే. కానీ నడుస్తున్న ఇంజన్‌లో ఆయిల్ ఏ కాలంలోనైనా 90–100 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. జనవరిలో ఆయిల్‌ను ఆపిన వాషరు మేలో కారడానికి ఎండ ఒక్కటే కారణం కాలేదు. కంపెనీ చెప్పినదాన్ని వదిలి చిక్కటి ఆయిల్ పోయడం దీనికి మందు కాదు.

నంద్యాల నుంచి అహోబిలం దాకా

2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి విడివడిన నంద్యాల జిల్లాకు 40వ నంబరు జాతీయ రహదారి వెన్నెముక. ఆ రహదారి మీదే నంద్యాలకు దక్షిణంగా సిరివెళ్ల, ఆళ్లగడ్డ, చాగలమర్రి వస్తాయి. ఈ దారిలో చాంబరుకు ఇబ్బంది తక్కువే. ఇబ్బందంతా రహదారి దిగిన తర్వాత. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం వెళ్లి, అక్కడి నుంచి అడవిలో పావన నరసింహ స్వామి దగ్గరికి జీపులు నడిచే బాట రాళ్లమయం. అక్కడ చక్రం ఒక రాయి దిగితే ఇంకో రాయి అడుగున తాకుతుంది. అలా గీసుకున్న బోల్టుకు ఆరు మూలలూ అరిగిపోయి పానా జారుతుంది. రేకు చాంబరు సొట్టపడితే బోల్టు కూర్చునే ముఖం వంగుతుంది. వంగిన ముఖం మీద కొత్త వాషరు వేసినా ఒకవైపు నలిగి ఒకవైపు తేలుతుంది. చాంబరు దింపి ముఖాన్ని చదును చేయించడమో, చాంబరే మార్చడమో తప్ప వేరే దారి లేదు. చాంబరు గార్డు బిగిస్తే దెబ్బ ఆగుతుంది, కానీ దాని మీద పేరుకున్న మట్టి కారుడును కప్పేస్తుంది.

కె.సి. కాలువ కింద వరి మళ్లలో కేజ్ వీల్స్ వేసుకుని దిగే ట్రాక్టర్లది మరో ఇబ్బంది. బురద నీళ్లు చుక్కను ఎప్పటికప్పుడు కడిగేస్తాయి, కారుతున్నట్టే తెలియదు. అందుకే మడిలో దిగకముందే గేజి కడ్డీ తీసి చూడాలి. గాజులపల్లె దాటి గిద్దలూరు వైపు నల్లమల ఘాట్ ఎక్కే బండ్లకూ ఇదే వర్తిస్తుంది. ఎక్కుడులో ఆయిల్ ఒక వైపుకు ఒరుగుతుంది, మట్టం తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే ఊరు దాకా పోదామనుకోకుండా ఇంజన్ అక్కడే ఆపేయాలి.

నిమిషానికి ఒక చుక్క చిన్నదిగా కనిపిస్తుంది. మిల్లీలీటరుకు 20 చుక్కల లెక్కన అదే వేగంతో ఆగకుండా పడితే రోజుకు 72 మిల్లీలీటర్లు, 14 రోజుల్లో ఒక లీటరు. చాలా చిన్న మోటారు సైకిళ్లలో ఉండే ఆయిల్ మొత్తమే దాదాపు అంత. మోటారు సైకిలుకు ఇంకో ప్రమాదం కూడా ఉంది. కారిన ఆయిల్ వెనక టైరు మీద పడితే మలుపులో బండి జారుతుంది.

ఎక్కడిదో తేల్చుకోవడం

చుక్క రాలే చోటే కారే చోటు కాకపోవచ్చు. పైన ట్యాపెట్ కవరు ప్యాకింగ్ నుంచో, ఆయిల్ ఫిల్టరు నుంచో, క్రాంక్ ఆయిల్ సీల్ నుంచో జారిన ఆయిల్ కూడా చివరికి అన్నిటికన్నా కిందున్న బోల్టు తలకే చేరుతుంది. ఇంజన్ చల్లారాక అడుగు భాగాన్ని కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, బోల్టు చుట్టూ ముఖానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లాలి. కొంతదూరం నడిపి వచ్చి టార్చి వేసి చూస్తే తడి దారి పౌడరులో గీత గీసినట్టు కనిపిస్తుంది. గీత పైనుంచి దిగితే తప్పు బోల్టుది కాదు. బోల్టు తల చుట్టూ మాత్రమే ఉంగరంలా తడిస్తే వాషరో, మరో, ముఖమో.

వాషరు మార్చడం

బండి చదునైన నేల మీద ఉండాలి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరకూడదు. స్టాండ్లు పెట్టాలి, లేదా సర్వీసు గుంత మీద చేయాలి. ఇంజన్ గోరువెచ్చగా ఉంటే ఆయిల్ పూర్తిగా దిగుతుంది, చెయ్యీ కాలదు. బోల్టు తీశాక పాత వాషరు చాంబరు ముఖానికే అంటుకుని ఉండిపోవడం కద్దు. దాన్ని చూడకుండా కొత్తది పైన వేస్తే రెండు వాషర్ల మధ్యనుంచి కారుతుంది. గోరుతో తడిమి చూసి, ముఖాన్ని తుడిచి, బోల్టు మరల్లో లోహపు పొట్టు ఉందేమో గమనించాలి. వెండిలా మెరిసే సన్నని పొట్టు చుట్టలు చుట్టుకుని కనిపిస్తే చాంబరు మర పోతోందని అర్థం.

కొత్త వాషరు లోపలి కొలత బోల్టుకు సరిపోవాలి. అప్పటికి కొత్తది దొరక్కపోతే పాత రాగి వాషరును గ్యాసు మంట మీద మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లార్చితే మళ్లీ మెత్తబడుతుంది. పైన పట్టిన నల్లటి పొరను సన్న గరుకు కాగితంతో తీసేయాలి. అల్యూమినియం వాషరుతో ఈ పని చేయకూడదు. బోల్టును ముందు వేళ్లతోనే మూడు నాలుగు చుట్లు ఎక్కించాలి. వేళ్లతో ఎక్కకపోతే మర తప్పినట్టే, అక్కడ పానా పెట్టడం పాపం. తర్వాత పుస్తకంలో రాసినంతే బిగించి, ఆయిల్ పోసి, రెండు మూడు నిమిషాలు ఇంజన్ నడిపి, ఆపి, కాస్త ఆగి గేజి చూడాలి. మర్నాడు ఒకసారి అడుగున చూస్తే చాలు.

మర పోతే

బిగుస్తున్నట్టే ఉండి చివర్లో వదులైతే మర తెగినట్టు. "థ్రెడ్డు పోయిందన్నా, బుష్ వేయాల" అన్న మాట గ్యారేజీలో వినబడేది ఈ దశలోనే, అది సరైన మాట. ఎంసీల్ పూసి మూయడం ఊరు చేరడానికి పనికొస్తుందేమో గానీ, మరుసటిసారి ఆయిల్ దింపడానికి ఆ రంధ్రమే పనికిరాదు. మరకు టెఫ్లాన్ టేపు చుడితే దాని ముక్కలు తెగి లోపలికి పోయి పంపు జల్లెడకు అడ్డుపడవచ్చు. వాషరు లేకుండా వాలు మరతో బిగిసే ప్లగ్గులకు మాత్రం మర సీలెంటు సమంజసమే.

కొలత తెలియని బోల్టును డబ్బాలోంచి తీసి వేయడం పెద్ద పొరపాటు. 12 మిల్లీమీటర్ల బోల్టుల్లోనే 1.25 అంతరం మర ఉన్నవీ, 1.5 అంతరం ఉన్నవీ దొరుకుతాయి. చూపుకు తేడా తెలియదు. ఒకదాని చోట ఇంకోటి బలవంతంగా ఎక్కిస్తే ఉన్న మర కూడా పోతుంది.

లేత్ షాపులో చేసే పని పక్కాగా నిలుస్తుంది. రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, ట్యాప్ కొట్టి, ఉక్కు బుష్‌నో తీగచుట్ట మరనో ఎక్కించి, పాత కొలత బోల్టే వాడుకునేలా చేస్తారు. చాంబరు దింపి చేయించడం ఉత్తమం. దింపకుండా చేస్తే ట్యాపుకు గ్రీజు దట్టంగా పూయాలి, తర్వాత కొద్దిగా కొత్త ఆయిల్ పోసి పొట్టును కిందికి కడిగేయాలి. చాలా ట్రాక్టర్లలో పోత ఇనుప చాంబరే బండి బరువు మోసే అంగం. కారు చాంబరు దింపినట్టు దాన్ని దింపలేరు కనుక అక్కడ రంధ్రం దగ్గరే బుష్ పని చేయడం మేలు.

వాడిన ఆయిల్

దింపిన ఆయిల్‌ను సెంట్రింగ్ రేకులకు, కంచె గుంజలకు పూయడం ఊళ్లలో అలవాటు. కాలువ గట్టున పారబోయడం అంతకన్నా చెడ్డది, ఆ నీళ్లు నేరుగా మడికే చేరతాయి. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వాడిన ఆయిల్‌ను ప్రమాదకర వ్యర్థంగానే చూస్తాయి. దాన్ని మూతున్న డబ్బాలో పోసి, ఆయిల్ మార్చే షాపుల నుంచి పోగుచేసి శుద్ధి కేంద్రాలకు పంపేవారికి అందేలా ఇవ్వాలి. పని అయ్యాక చేతులు కిరోసిన్‌తో కాకుండా సబ్బుతో కడుక్కోవాలి, ఆయిల్ గుడ్డను జేబులో పెట్టుకోకూడదు.