లూబెక్ నగరాభ్యుదయము – బాల్టిక్ తీరమున దాని ప్రాబల్యము

మధ్యయుగమున బాల్టిక్ సముద్రతీరమందు వెలసిన నగరముల చరిత్రను చదువువారికి ఒక విషయము వింతగా తోచును. నూరింటికి దగ్గరగా నున్న పట్టణములు, వేర్వేరు ప్రభువుల యేలుబడిలో నుండియు, ఒకే నగరపు ధర్మమును తమ ధర్మముగా స్వీకరించినవి. తమ సభలు తేల్చలేని వ్యాజ్యములను ఆ నగరమునకే తీర్పునకై పంపినవి. ఆ నగరము లూబెక్. ప్రాకారముల వెలుపల దానికి రాజ్యమని చెప్పదగినంత భూమి లేదు, రాజవంశము లేదు, నిత్యసైన్యము లేదు. ఇట్టి నగరమునకు అంతటి ప్రాబల్యము ఎట్లు కలిగెనని యడిగినచో, చరిత్రకారులు సాధారణముగా 'హాన్సా' అను వర్తకసంఘమును పేర్కొని ఊరకుందురు. ఆ సమాధానము చాలదని నా యభిప్రాయము. హాన్సా లూబెక్‌ను పెంచినదనుటకంటె, లూబెక్ పెరిగిన తీరే హాన్సాకు రూపమిచ్చినదనుట సత్యమునకు చేరువ.

లూబెక్ జర్మనీ ఉత్తరభాగమున ట్రావె, వాకెనిట్జ్ అను రెండు నదుల నడుమనున్న మెట్టపై నెలకొన్నది. సముద్రమునకు సుమారు ఇరువది కిలోమీటర్ల దూరమున నదీతీరమందుండుటచే ఓడలు లోనికి రాగలవు. సముద్రపు దొంగలు మాత్రము తటాలున వచ్చి పడజాలరు. అయితే ఆ పేరు జర్మనులు పెట్టినది కాదు. ట్రావెలో ష్వార్టౌ అను యేరు కలియుచోట, నేటి నగరమునకు దిగువగా, 'ల్యూబిత్సె' అను స్లావుల కోటయు రేవును ఉండెడివి. ప్రియము, రమ్యము అను నర్థముగల స్లావు ధాతువు ఆ పేరునకు మూలము. ఒబొద్రీతులను స్లావుజాతి రాజు హెన్రీ అచట కొలువుండెను. అతడు 1127లో మరణించెను. 1138లో ఆ ఊరు ధ్వంసమయ్యెను. 1143లో హోల్‌స్టైన్ ప్రభువు రెండవ అడాల్ఫ్ కొంత యెగువన, బుకు అను చోట, క్రొత్త పట్టణమును కట్టించి పాతరేవు పేరునే దానికుంచెను. అతడు ఫ్లాండర్సు, హాలెండు, వెస్ట్‌ఫేలియా, ఫ్రీసియా దేశములకు దూతలనంపి, నిర్జనమైన భూమి విస్తారముగా కలదు, వచ్చి తీసికొనుడని ప్రజలను పిలిపించెనని హెల్మోల్డ్ వ్రాసినాడు. ఆ భూమి నిర్జనమైన విధ మెట్టిదో, అదే గ్రంథమున ముందటి యుద్ధవర్ణనములను చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

హెల్మోల్డ్ బోసౌ గ్రామమున పురోహితుడు. 1172 ప్రాంతమున ముగిసిన అతని లాటిన్ గ్రంథము, 'స్లావుల వృత్తాంతము', లూబెక్ తొలినాళ్లకు మనకున్న ముఖ్యాధారము. అతడు మతప్రచారపక్షము వాడగుటచే స్లావులను గూర్చి చెప్పిన మాటలను ఆచితూచి గ్రహింపవలెను. కాని సంతల విషయమున, సుంకముల విషయమున అతని కథనము విశ్వసనీయముగానే కనబడుచున్నది. లూబెక్ సంత వృద్ధినొందగా సాక్సనీ ప్రభువైన సింహ హెన్రీకి కన్నుకుట్టినది. తన బార్డోవిక్ పట్టణపు జనులు లూబెక్‌కు తరలిపోవుచున్నారనియు, ఓల్డెస్లో ఉప్పుకొటారువలన తన ల్యూనెబర్గ్ ఉప్పునకు నష్టము కలుగుచున్నదనియు అతని ఫిర్యాదు. రెండింటిలోను సగము పాలిమ్మని కోరెను. అడాల్ఫ్ నిరాకరించెను. 1152లో హెన్రీ లూబెక్‌లో ఆహారపదార్థములు దప్ప అన్యవస్తువుల క్రయవిక్రయములను నిషేధించి, ఓల్డెస్లో ఉప్పుబావులను పూడ్పించెను. 1157లో పట్టణము దగ్ధమయ్యెను. హెన్రీ వర్తకులకై వేరొకచోట 'సింహపురము' అను పట్టణమును కట్టించి చూచెను. అది పెద్ద యోడలు రాదగిన రేవు కాకపోవుటచే నిలువలేదు. తుదకు అడాల్ఫ్ పాతచోటును వదలుకొనగా, 1159లో లూబెక్ పునర్నిర్మితమైనది. పిమ్మట హెన్రీ డెన్మార్కు, స్వీడను, నార్వే, రష్యా దేశములకు దూతలనంపి, తన నగరమునకు నిర్భయముగా వచ్చి పోవచ్చునని చాటించెను.

ఈ పునర్నిర్మాణము ఎవరి పనియన్న విషయమున గొప్ప వాదము జరిగినది. ఫ్రిట్జ్ ర్యోరిగ్ అను చరిత్రకారుడు, ధనికులైన వర్తకులు కొందరు కూటముగా నేర్పడి, ప్రభువునొద్ద స్థలమును గైకొని, సంతను, వీథులను తామే విభజించి నగరమును స్థాపించిరని సిద్ధాంతీకరించెను. అతని కాధారము నగరపు ఆస్తిపట్టికలు. 13వ శతాబ్ది చివరనున్న సంతకొట్ల యాజమాన్యమును బట్టి అతడు వెనుకకు లెక్కించుచు పోయెను. 1284 నాటి పట్టిక 1159 నాటి స్థితిని ఎట్లు ఋజువుచేయగలదని విమర్శకులు అడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. ప్రభువుల ప్రమేయమును తగ్గించి చెప్పుట ర్యోరిగ్ వాదమందలి దోషము. ఐనను సింహపురపు ఉదంతము అతని పక్షమున ఒక మాట చెప్పుచున్నది. ప్రభువు కోరినచోట నగరము నిలువలేదు. వర్తకులు కోరినచోట నిలిచినది.

1181లో లూబెక్ చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా వశమైనది. 1201 మొదలు సుమారు పాతికేండ్లు డెన్మార్కు రాజు దానినేలెను. 1226లో రెండవ ఫ్రెడరిక్ దానిని చక్రవర్తికి దప్ప అన్యులకు లోబడని స్వతంత్రనగరముగా ప్రకటించెను. మరుసటి యేడు జూలై 22వ తేదీన బోర్న్‌హ్యోవెడ్ రణరంగమున డేనుల ఓటమితో ఆ స్వాతంత్ర్యము స్థిరపడినది. పరిశోధకులు గమనింపదగిన విషయ మొకటి ఇచట కలదు. 1188లో బార్బరోసా నగరమునకు అధికారపత్రము నొసగినమాట వాస్తవమే. కాని నేడు లభించుచున్న ప్రతి 1225 ప్రాంతమున లూబెక్ వారే తమకు వలసిన హక్కులను చేర్చి సిద్ధపరచినదని పండితులు నిర్ణయించిరి. పరధర్మములకు తీర్పు చెప్పనున్న నగరము తన స్వధర్మపత్రమును తానే దిద్దుకొన్నదన్నమాట! ఈ నగరపు వ్రాతప్రతులు రెండవ ప్రపంచయుద్ధకాలమున ఒక ఉప్పుగనిలో దాచబడి, యుద్ధానంతరము సోవియట్ సేనల చేతబడి, చాలవరకు 1987, 1990 సంవత్సరములలో తిరిగి చేరినవి. నడుమ నాలుగు దశాబ్దులు విద్వాంసులు వాటిలో పెక్కింటిని చూడనేలేకపోయిరి.

ఇక వర్తకమును గూర్చి. జట్లాండ్ ద్వీపకల్పమును చుట్టివచ్చు సముద్రమార్గము ఆనాడు అపాయకరము. కావున తూర్పునుండి వచ్చు సరకులు లూబెక్‌లో దిగి, బండ్లపై అరువది కిలోమీటర్ల పైచిలుకు దూరము ప్రయాణించి, హాంబర్గులో మరల ఓడ యెక్కెడివి. ఈ బాటను కాపాడుటకై రెండు నగరములును 1241లో ఒడంబడిక చేసికొన్నవి. రష్యానుండి బొచ్చుతోళ్లు, మైనము, పడమటనుండి ఫ్లాండర్సు ఉన్నివస్త్రములు ఈ దారినే నడచినవి. కాని నగరమునకు నిజమైన బలము విలువైన సరకులవలన కాక, హెర్రింగు చేపవలనను ఉప్పువలనను కలిగినది. క్రైస్తవులకు ఉపవాసదినములలో మాంసము నిషిద్ధము, చేప నిషిద్ధము కాదు. దక్షిణ స్వీడనులోని స్కోనియా తీరమున (అది ఆనాడు డెన్మార్కు రాజ్యములోనిది) శరత్కాలమున హెర్రింగు గుంపులు గుంపులుగా వచ్చెడిది. ఆ చేప పట్టినవెంటనే ఉప్పు వేయకున్న నిలువదు; నాలుగైదు పీపాల చేపకు సుమారొక పీపా ఉప్పు వలయును. స్కోనియాలో చేప కలదు, ఉప్పు లేదు. ల్యూనెబర్గులో ఉప్పునీటి ఊటలు కలవు, సముద్రము లేదు. ఈ రెంటి నడుమ లూబెక్ కూర్చున్నది. పూర్వము సింహ హెన్రీ అసూయపడిన ఉప్పే ఇపుడు ఈ నగరమునకు జీవనాధారమైనది. 1398 నాటికి లూబెక్ వారు స్టెక్‌నిట్జ్ కాలువను త్రవ్వించి, ఎల్బ్ నదిని ట్రావెతో కలిపి, లాకుల సాయమున ఉప్పుపడవలను మిట్టదాటించిరి. ఉత్తరసముద్రమున కలియు నీటిని బాల్టిక్‌లో కలియు నీటితో ముడిపెట్టిన ఇట్టి కాలువ యూరపున అంతకుముందు లేదు.

సరకు పోయినచోటికి దాని వెంట వ్యాజ్యమును పోవును. లూబెక్ ధర్మము వ్యాపించుటకు ఇదియే కారణము. అప్పు, భాగస్వామ్యము, ఓడనష్టము, వారసత్వము – వీనిని గూర్చి క్రొత్త పట్టణములకు సిద్ధముగానున్న నియమములు కావలసివచ్చినవి. రోస్టాక్, స్ట్రాల్‌సుండ్ మొదలగు పట్టణములు లూబెక్ ధర్మమును గ్రహించినవి. నేడు టాలిన్ అనబడు రెవాల్‌కు 1248లో దాని నొసగినవాడు డెన్మార్కు రాజు నాల్గవ ఎరిక్! లూబెక్‌ను కోల్పోయిన రాజవంశమే లూబెక్ ధర్మమును తన పట్టణమున ప్రతిష్ఠించుట గమనింపదగినది. 1257లో లూబెక్ సభ రెవాల్‌కు లాటిన్ ధర్మప్రతిని వ్రాయించి పంపెను. 1282లో నిమ్నజర్మను భాషలో మరియొక ప్రతిని పంపెను. స్థానికసభ తీర్పును అంగీకరింపనివాడు లూబెక్ సభకు అప్పీలు చేసికొనవచ్చును. ఆ సభ చేతిలో భటులు లేరు. తీర్పును పాటింపజేయువారు ఆయా పట్టణములవారే. ఐనను తీర్పు చెల్లెను.

ఈ ధర్మమును స్వేచ్ఛాధర్మమని కీర్తించువారు కలరు. ప్రభువులనుండి స్వేచ్ఛ యన్నచో అది నిజమే. కాని చేతిపనిచే జీవించువానికి సభాసదుడగు నర్హత ఆ ధర్మము నీయలేదు. వర్తకకుటుంబములవారే తమవారిని తాము ఎన్నుకొనుచుండిరి. 1384లో కసాయివారి తిరుగుబాటు యత్నము దారుణముగా అణచబడెను. 1408లో సభాసదులలో పెక్కురు నగరమును వీడిపోగా, క్రొత్తసభ యేర్పడి ఎనిమిదేండ్లు పాలించెను. 1416లో పాతసభ మరల గద్దెనెక్కెను. తిరుగుబాటుసభ నిలువకుండుటకు చక్రవర్తి యాగ్రహమెంత కారణమో, ఇతర నగరముల వర్తకసభల భయమును అంత కారణము. లూబెక్ ధర్మము తీరమంతట వ్యాపించుటచే దాని సంకోచమును తీరమంతట వ్యాపించెను.

యుద్ధమున లూబెక్ అంత చతురమైనది కాదు. డెన్మార్కు రాజు నాల్గవ వాల్డెమార్ 1361లో విస్బీ నగరమును పట్టుకొనగా, మరుసటి యేడు లూబెక్ నగరాధ్యక్షుడు యోహాన్ విట్టెన్‌బోర్గ్ నావికాదళముతో వెడలి హెల్సింగ్‌బోర్గునొద్ద ఓడిపోయెను. 1363లో నగరసభ అతనికి శిరచ్ఛేదము విధించెను. 1901లో ముద్రితమైన అతని కుటుంబపు వర్తకపు లెక్కల పుస్తకము నేడు ఆనాటి వ్యాపారమునకు అమూల్యమైన ఆధారము. సేనానిగా విఫలుడైనవాడు లెక్కలు వ్రాసినవాడుగా మనకు మిగిలినాడు. తరువాత 1367లో కొలోన్‌లో కూడిన నగరములు గెలిచి, 1370 స్ట్రాల్‌సుండ్ సంధిచే స్కోనియా తీరమందలి నాలుగు కోటలను, వాటి ఆదాయములో మూడింట రెండు వంతులను పదునైదేండ్లకు పొందినవి. వారు కోరినది రాజ్యము కాదు, హెర్రింగు సంతపై అధికారము.

భాషావిషయము మన శాఖవారికి ప్రత్యేకముగా ఆసక్తి గొల్పును. 14వ శతాబ్ది ద్వితీయార్ధమున హాన్సా పత్రములలో లాటిన్‌కు బదులు నిమ్నజర్మను నెలకొన్నది. దానికి లూబెక్ లేఖకుల వ్రాత ఒరవడియైనది. స్టాక్‌హోమ్ మొదలగు స్వీడను పట్టణముల సభలలో జర్మనులు సగమువరకు ఉండవచ్చునను నియమము 1471 వరకు చెల్లెను. ఫలితముగా స్వీడిష్ భాషలో 'చెల్లించు' అను నర్థముగల 'బెతాల', 'దర్జీ' అను నర్థముగల 'స్క్రెద్దారె' వంటి మాటలు చేరినవి. వర్తకులవలన వస్తువుల పేర్లు వచ్చుట సహజము. కాని 'అగు' అను నర్థముగల 'బ్లీవా' అను క్రియకూడ వచ్చి దేశ్యక్రియను చాలవరకు తొలగించినది. 'బె' వంటి ఉపసర్గలును వచ్చినవి. ఒక భాష క్రియారూపములనుకూడ అరువు తెచ్చుకొన్నదన్న, ఆ సంబంధము సంతతో ముగియక ఇంటిలోనికి వచ్చినదని గ్రహింపవలెను.

శిల్పమునందును ఇట్లే. రాతికరవుగల ఆ దేశమున ఇటుకతో గోథిక్ దేవాలయమును కట్టవచ్చునని లూబెక్‌లోని మేరీమాత దేవాలయము నిరూపించెను. అది బిషప్పుది కాదు, నగరసభది. బిషప్పు దేవాలయముకంటె ఉన్నతము. రోస్టాక్, విస్మార్, స్ట్రాల్‌సుండ్‌లలో దాని పోలికలు నేటికిని చూడవచ్చును. 1942 మార్చి చివర వైమానికదాడిలో అది దగ్ధమై, తరువాత పునర్నిర్మితమైనది. 1483లో స్టాక్‌హోమున తొలి గ్రంథమును ముద్రించిన యోహాన్ స్నెల్ లూబెక్‌నుండి వచ్చినవాడే.

క్షీణతకు కారణములు పెక్కు. డచ్చివారి పెద్ద యోడలు జట్లాండును చుట్టి నేరుగా బాల్టిక్‌లోనికి రాసాగినవి. లూబెక్–హాంబర్గు బాట ప్రాముఖ్యము తగ్గినది. 1494లో మూడవ ఇవాన్ నవ్‌గొరోద్‌లోని జర్మను వర్తకస్థానమును మూయించెను. 1523లో స్వీడను రాజైన గుస్తావ్ వాసాకు సింహాసనము లభించుటకు లూబెక్ ఓడలును ధనమును తోడ్పడినవి. కాని అతడే పిమ్మట దాని ప్రత్యేకహక్కులను తొలగించెను. నగరాధ్యక్షుడు యుర్గెన్ వులెన్‌వేవర్ డెన్మార్కు వారసత్వకలహమున జోక్యముచేసికొని ఓడి, 1537లో మరణశిక్ష పొందెను. చివరి హాన్సా సభ 1669లో లూబెక్‌లోనే కూడెను. ఓడలు పోయిన తరువాతను ధర్మము మాత్రము మిగిలెను. 1900 జనవరి 1న జర్మనీ పౌరస్మృతి అమలునకు వచ్చువరకు లూబెక్ ధర్మపు నియమములు కొన్ని ఆ తీరమున వారసత్వ వివాదములలో చెల్లుచునే యుండినవి.