పుట్టగొడుగు: పదార్థవిచారము

తొలకరి వాన కురిసి యుఱుము లుఱిమిన మఱునాఁడు వేకువనే పల్లెవారు పుట్టలవెంటఁ దిరిగి యేఱి తెచ్చుకొను కూరకుఁ దెలుఁగునఁ బుట్టగొడుగని పేరు. కొన్ని సీమలఁ బుట్టకొక్కనియు నందురు. ఇందలి తొలిపదము 'పుట్టు' ధాతువని తోఁపవచ్చును. ఒక్క రాత్రిలో నేలఁ జీల్చుకొని పుట్టునది గదా! అది సరి గాదు. అట్లయినఁ బుట్టుమచ్చ, పుట్టుగ్రుడ్డి యనుచోట్లవలె నుకారము నిలిచి 'పుట్టుగొడుగు' కావలసియుండెను. కావున నిది చెదలపుట్టయొక్క గొడుగే, షష్ఠీతత్పురుషము.

సంస్కృతమున ఛత్రాకము, కవకము, శిలీంధ్రము అను పేళ్లలో నీ పుట్టజాడ లేదు. ఛత్రాకము రూపమును మాత్రమే తెలుపును. సుశ్రుతుఁడు గడ్డి, చెఱకు, పేడ, వెదురు, నేల యని పుట్టినచోటులఁబట్టి విభజించెను గాని చెదలమాట యెత్తలేదు. చరకుఁడు సర్పచ్ఛత్రకమును వేఱుచేసి తక్కినవాని గుణములఁ జెప్పెను. మేఘసందేశమున నుఱుముతో నేలపై మొలచు శిలీంధ్రమును మల్లినాథుఁడు కందళికగా వ్యాఖ్యానించెను. మనుస్మృతి యైదవ యధ్యాయమునఁ గవకములు ద్విజులకు నిషిద్ధములు. కోశములు గూర్చినవారు తినలేదు. తిన్నవారికిఁ గోశములతోఁ బని లేదు.

ఆ తిన్నవారి మాటయే శాస్త్రమునకు సరిపడినది. 1779లో దక్షిణదేశపుఁ జెదలనుగూర్చి వ్రాసిన కోయెనిగ్ పండితుఁడు పుట్టలలో శిలీంధ్ర ముండుటను గుర్తించెను. ఈయన 1785లోఁ గాకినాడ జగన్నాథపురముననే మరణించెను. చెదలు నమలిన పుల్లలతో, నెండుటాకులతోఁ బుట్టలోపలఁ దుట్టెవంటి యరలు గట్టి, వానిపై బూజును బెంచును. బూజు కట్టెను మెత్తపఱచి చెదల కాహార మొసఁగును. వానతడి సోఁకఁగా నదియే మన్నులోనుండి పొడవైన తోఁకను సాఁచి పైని గొడుగు విప్పును. 1942లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుఁడు రోజర్ హైమ్ దీనికి టెర్మిటోమైసీస్ అని పేరిడెను. చెదపురుగు, శిలీంధ్రము అను రెండుమాటల కూర్పది. మన పల్లెమాటకుఁ జుట్ట మనవచ్చును.

ఏఱువారు చోటు మఱవరు. ఏఁటేఁట నదే పుట్టకుఁ బోవుదురు. విప్పాఱక మున్నే తెచ్చినది రుచి. తోఁకను మెల్లగా లాగుదురే కాని పుట్టను ద్రవ్వరు. అరలు చెడినచో మఱుసటియేఁట గొడుగు లేదు.

నేఁడు వరిగడ్డిపైఁ బెంచినదానికిని, పచ్చికబయళ్ల మొలచినదానికిని నిదే పేరు చెల్లుచున్నది. ఇందు హాని గలదు. పచ్చికపై మొలచు నొక తెల్లనిజాతి, ముదిరినప్పు డడుగుమడఁతలు పచ్చఁబాఱునది, చూపునకు మనదానివలెనే యుండి వాంతులు, విరేచనములు గలిగించును. వెండి నల్లఁబడుట చూచుట, పసుపువేసి యుడికించుట, ఇవి పరీక్షలు గావు. పుట్టచెంత మొలచినంతమాత్రమునను నమ్మరాదు. ఎఱిఁగినవారి కన్ను గావలయును. నిఘంటుకర్తలు 'ఛత్రాకము' అని పర్యాయము వ్రాసి యూరకుండక, 'చెదలపుట్టపై మొలచు భక్ష్యశిలీంధ్రము' అను నర్థమును ముందుంచి, తక్కినవానికిఁ బేరు పిదప వ్యాపించినదని చూపవలయును.