మడమ, భుజం నొప్పులకు షాక్ వేవ్ చికిత్స: ఎవరికి మేలు, ఎవరికి వృథా?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఉపాధి కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివెళ్లిన తెలుగు కుటుంబాలెన్నో ఆ ఉక్కునగరంలోనే స్థిరపడ్డాయి. బరువైన సేఫ్టీ బూట్లతో గట్టి నేలపై షిఫ్టు పొడవునా నిలబడటం, చేతులు పైకెత్తి పనిచేయడం, పనిముట్లను గంటల తరబడి బిగించి పట్టుకోవడం ఇటువంటి కర్మాగారాలలో నిత్యకృత్యం. ఈ శ్రమ భారం మడమ, మోచేయి, భుజాల వద్ద కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులపై పడుతుంది. నెలలు గడిచినా తగ్గని అటువంటి నొప్పులకు వైద్యులు సూచించే మార్గాలలో షాక్ వేవ్ థెరపీ ఒకటి.

పేరులో షాక్ ఉన్నా ఇందులో శరీరానికి విద్యుత్తు తగిలించరు. చర్మంపై జెల్ రాసి, చేతిలో పట్టే పరికరంతో పీడన తరంగాలను లోనికి పంపుతారు. ఈ విద్య మొదట మూత్రపిండాల రాళ్ల కోసం పుట్టింది. 1980 ఫిబ్రవరిలో జర్మనీలోని మ్యూనిక్‌లో తొలిసారి ఒక రోగికి శస్త్రచికిత్స లేకుండా తరంగాలతో రాళ్లను పగులగొట్టారు. అతకని ఎముకలపై, ఆ తరువాత స్నాయువులపై దీనిని ప్రయోగించారు. మొండి మడమ నొప్పికి ఇటువంటి యంత్రాన్ని వాడేందుకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2000లో అనుమతినిచ్చింది.

స్నాయువు విషయంలో పగులగొట్టడం ఉద్దేశం కాదు. తరంగాల తాకిడికి కొత్త రక్తనాళాలు ఏర్పడటం, మరమ్మతుకు తోడ్పడే పదార్థాలు విడుదల కావడం జంతువులపై జరిపిన ప్రయోగాలలో కనిపించాయి. నొప్పిని మోసే నాడుల చురుకు తగ్గుతుందన్నది మరొక వివరణ.

యంత్రాలు రెండు రకాలు. ఫోకస్డ్ యంత్రం శక్తిని లోపల ఒక బిందువు వద్ద కేంద్రీకరిస్తుంది. రేడియల్ యంత్రంలో సంపీడిత గాలి ఒక చిన్న లోహపు ముక్కను వేగంగా కొట్టిస్తుంది. దాని బలం చర్మం వద్ద ఎక్కువగా ఉండి లోనికి పోయేకొద్దీ తగ్గుతుంది. శాస్త్రపరంగా ఇది అసలైన షాక్ వేవ్ కాదు. ఫిజియోథెరపీ కేంద్రాలలో ఎక్కువగా కనిపించేది ఇదే గనుక, యంత్రం ఏ రకమో అడిగి తెలుసుకోవడంలో తప్పు లేదు.

ఫలితం అన్నిచోట్లా ఒకటి కాదు. అరికాలి పొర వాపుతో వచ్చే మడమ నొప్పి, మడమ వెనుక స్నాయువు నొప్పి, సున్నం పేరుకున్న భుజం స్నాయువు నొప్పి ఉన్నవారిలో కొందరికి మేలు జరుగుతుంది. అయితే భుజం నొప్పిపై జరిగిన పరీక్షలను 2020లో సమీక్షించిన కాక్రేన్ బృందానికి చెప్పుకోదగిన ప్రయోజనాలు బహు కొద్దిగానే కనిపించాయి. మోచేయి నొప్పిపై 2005 నాటి సమీక్షదీ దాదాపు అదే మాట. ఇక కీలు అరిగిన మోకాలికి ఇది అరిగిన మృదులాస్థిని తిరిగి మొలిపిస్తుందనే ప్రచారాన్ని నమ్మి డబ్బు కట్టనవసరం లేదు.

సాధారణంగా వారానికి ఒకసారి చొప్పున మూడు నుంచి ఐదు విడతలు, ప్రతిసారీ సుమారు 2,000 తాకిడులు ఇస్తారు. ఆ సమయంలో నొప్పి ఉంటుంది, చర్మం కందవచ్చు. ఉపశమనం తెలియడానికి వారాలు, ఒక్కోసారి మూడు నెలలు పడుతుంది. స్నాయువుకు క్రమంగా బరువు అలవాటు చేసే వ్యాయామాలే అసలు చికిత్స. యంత్రం వాటికి తోడు మాత్రమే. వాటిని కొన్ని నెలలు శ్రద్ధగా చేశాకే దీని గురించి ఆలోచించడం మేలు.

గర్భిణులకు, రక్తస్రావ రుగ్మతలున్నవారికి, చికిత్స చేయవలసిన చోట క్యాన్సర్ లేదా ఇన్‌ఫెక్షన్ ఉన్నవారికి ఇది తగదు. రక్తాన్ని పలుచన చేసే మందులు వాడుతున్నా, పేస్‌మేకర్ ఉన్నా, ఇటీవల స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకున్నా ముందే వైద్యునికి చెప్పాలి. మడమ వెనుక టప్పున తెగినట్లనిపించి, మునివేళ్లపై నిలబడలేకపోతే అది స్నాయువు తెగిన లక్షణం కావచ్చు. అప్పుడు షాక్ వేవ్ కేంద్రానికి కాక నేరుగా ఎముకల వైద్యుని వద్దకే వెళ్లాలి.