రెండు బీవర్ తోళ్లు

విన్నిపెగ్‌లో మా చిన్న వ్యాపారులం కొందరం నెలకోసారి కలుస్తుంటాం. సగంమంది క్రీ, ఓజిబ్వే, మెటీ మనుషులు. తక్కినవాళ్లం ఎక్కడెక్కడినుంచో వచ్చి పడ్డవాళ్లం. పంతులంటూ ఎవరూ ఉండరు. ఒకరి చిట్టా ఇంకొకరికి చూపించి, చేసిన తప్పులు చెప్పుకుంటాం. నా తప్పు మొదటిరోజే జరిగింది. అడవి బియ్యం అమ్మే ఒక ఓజిబ్వే పెద్దాయన్ని, పరిచయమైన రెండో నిమిషంలోనే, బస్తా ఎంతకిస్తారని అడిగేశాను. ఆయన జవాబివ్వలేదు. టీ పోసిచ్చి, మీదే ఊరు, మీ నాన్నగారేం చేసేవారు అని అడిగాడు. ధర మాట మూడో నెలకిగాని రాలేదు. లోలోపల బాగానే విసుక్కున్నాను.

తర్వాత హడ్సన్స్ బే కంపెనీ చరిత్ర చదువుతుంటే తెలిసింది, లండన్ వర్తకులు కూడా ఇక్కడ ఇదే పాఠంతో మొదలుపెట్టారని.

1670 మే 2న ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ ఆ కంపెనీకి పట్టా రాసిచ్చాడు. హడ్సన్ అఖాతంలోకి నీళ్లు పారే నేలంతా కంపెనీదే. అక్కడ వేల ఏళ్లుగా ఉంటున్నవాళ్లని ఎవరూ అడగలేదు. రాజుగారికి కౌలు: ఆయనో, ఆయన వారసులో ఎప్పుడైనా ఆ నేలమీద కాలుపెడితే రెండు ఎల్క్‌లు, రెండు నల్ల బీవర్లు.

కాగితం మీద యజమానులే. అఖాతం ఒడ్డున చలిలో దిగాక మాత్రం తిండి, దారి, భాష అన్నీ ఎదుటివాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. సరుకు సంగతి కూడా అంతే. యూరప్ టోపీలకు కావలసింది బీవర్ బొచ్చు అడుగున ఉండే మెత్తటి నూగు. క్రీ మనుషులు బొచ్చు లోపలివైపుకు పెట్టి ఆ తోళ్లని రెండుమూడు చలికాలాలు తొడుక్కుంటే, పైనున్న పొడుగు వెంట్రుకలు రాలిపోయి నూగు మిగిలేది. అందుకని కొత్త తోలుకన్నా తొడిగి అరగదీసిన కోటుకే గిరాకీ. పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే మన వీధి బేరం గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఇక్కడ మాత్రం ఎవరు ఎవర్ని బోల్తా కొట్టించారో చెప్పడం కష్టం. తుపాకీ, కెటిల్, దుప్పటి అన్నింటినీ బీవర్ తోళ్లలోనే లెక్కగట్టేవారు.

బేరానికి ముందు మర్యాదలుండేవి. పడవల్లో దిగివచ్చిన నాయకుడికి కోటు, టోపీ తొడిగేవారు. కలిసి పొగ తాగేవారు. కానుకలు ఇచ్చిపుచ్చుకునేవారు. చుట్టరికం కుదిరాకే సరుకు. కానుకల్లో సారా కూడా ఉండేది, దాని చెరుపు చిన్నది కాదు. అప్పుడు నాయకుడు లేచి కొలత సంగతి ఎత్తేవాడు. ఎందుకంటే కంపెనీ మనుషులు ప్రకటించిన ధరకన్నా ఎక్కువ తోళ్లు లాగేవారు. మందుగుండు కొలతలో చెయ్యి చూపించేవారు. మన సంతలో కొసరు కొనేవాడికి దక్కుతుంది, ఇక్కడ అమ్మేవాడే నొక్కేసేవాడు. నిండుగా కొలవమని ఆ నాయకులు అడగడాన్ని ఆండ్రూ గ్రాహం అనే కంపెనీ ఉద్యోగి రాసిపెట్టాడు. ఆర్థర్ రే, డొనాల్డ్ ఫ్రీమన్ 1978లో రాసిన పుస్తకానికి పేరు కూడా ఆ కోరికే. కొలత మరీ తగ్గితే తోళ్లు ఫ్రెంచివాళ్ల దగ్గరికి వెళ్లిపోయేవి. కంపెనీకి ఆ భయం ఉండేది.

నేర్పినవాళ్లలో నాకు మరీ ఇష్టమైన మనిషి థానడెల్తుర్ అనే డెనే యువతి. క్రీలకు బందీగా చిక్కి, తప్పించుకుని, 1714లో యార్క్ ఫ్యాక్టరీ చేరింది. అక్కడి అధికారి జేమ్స్ నైట్‌కు డెనేల నేల గురించి చెప్పింది. మరుసటి ఏడు క్రీలను వెంటబెట్టుకుని వెళ్లి, గొంతు పోయేదాకా మాట్లాడి తనవాళ్లతో సంధి కుదిర్చింది. ఎలాంటి తోళ్లు తేవాలో తనవాళ్లకు ఆమే నేర్పింది. నాసిరకం తెచ్చిన పెద్దమనిషి ముక్కు పట్టుకుని వెనక్కి నెట్టి తిట్టిందట! 1717లో జబ్బుచేసి చనిపోయింది. ఆ ఏడే డెనేలతో వ్యాపారం కోసం చర్చిల్‌లో స్థావరం లేచింది. నైట్ చిట్టాలో ఆమె 'బానిస స్త్రీ' మాత్రమే. పేరు డెనేల నోటికథల్లో మిగిలింది.

ఈ సమానత్వం మంచితనం వల్ల వచ్చింది కాదని నా అనుమానం. ఒకరు లేకుండా ఒకరికి గడవదు కాబట్టి నిలిచింది. 1821లో పోటీదారు నార్త్‌వెస్ట్ కంపెనీ ఇందులో కలిసిపోయింది. తోళ్లు ఇంకోచోటికి వెళ్తాయన్న భయం పోయింది. ఇక నేర్చుకోవలసిన అవసరం ఎవరికి? 1870లో కంపెనీ ఆ నేలంతా 3,00,000 పౌండ్లకు కెనడాకు వదిలేసింది. ఈసారీ అక్కడి మనుషుల్ని అడగలేదు. రెడ్ రివర్ మెటీలు లూయీ రియెల్ నాయకత్వంలో తిరగబడింది అందుకే.

రాజవంశానికి బీవర్ కౌలు మాత్రం 1927, 1939, 1959, 1970లలో వేడుకగా ముట్టింది.

విన్నిపెగ్ పోర్టేజ్ అవెన్యూలోని వాళ్ల పెద్ద దుకాణం 2020లో మూతపడింది. నా మొదటి చలికోటు అక్కడే కొన్నాను. 2022 ఏప్రిల్‌లో కంపెనీ ఆ భవనాన్ని దక్షిణ మానిటోబా ఆదివాసీ జాతుల సంస్థ అయిన సదరన్ చీఫ్స్ ఆర్గనైజేషన్‌కు ఇచ్చేసింది. ఆనాటి వేడుకలో గ్రాండ్ చీఫ్ జెర్రీ డేనియల్స్ కంపెనీ గవర్నరు చేతిలో పెట్టినవి రెండు బీవర్ తోళ్లు, రెండు ఎల్క్ తోళ్లు. రాజుకు రాసుకున్న కౌలే. పుచ్చుకున్నది ఈసారి కంపెనీ.

ఆ భవనం విలువ సున్నా అని 2019లోనే లెక్కతేలింది. బాగుచేయాలంటే పది కోట్ల డాలర్లు దాటుతుందన్నారు. అది దానమా, బరువు దించుకోవడమా అన్న మాట ఊళ్లో నలిగింది. మా సమావేశంలో ఓజిబ్వే పెద్దాయన్ని అదే అడిగాను. ఈసారి టీ నేనే పోసిచ్చి అడిగాను. ఆయన కాసేపు ఊరుకుని, ఆరంతస్తుల ఇల్లు కదా, జనవరిలో హీటింగ్ బిల్లు ఎంతవుతుందంటావు అన్నాడు.

ఇద్దరం కాగితం తీసుకుని లెక్కేయడం మొదలుపెట్టాం.